అగ్గిపెట్టెను గోడకెక్కించడం: రోజువారీ వస్తువుతో పాప్ ఆర్ట్ స్క్రీన్ ప్రింటు

పొయ్యి పక్కన పడి ఉన్న అగ్గిపెట్టెను కిటికీ దగ్గరికి తెచ్చి భూతద్దంతో చూడండి. ఎర్ర రంగు నల్ల గీతను దాటి ఓ అర మిల్లీమీటరు బయటికి జరిగి ఉంటుంది. అటువైపు జరిగినందుకు ఇటువైపు సన్నటి తెల్ల చీలిక మిగిలి ఉంటుంది. పెట్టె ఖాళీ అయితే పారేసేదే కదా, ఎవరూ పట్టించుకోరు. రోజువారీ వస్తువులనూ ప్రకటనలనూ బొమ్మలుగా మార్చిన కళాధోరణి పాప్ ఆర్ట్ పట్టించుకుంది. ఈ మార్గదర్శిలో ఆ అగ్గిపెట్టెనే తీసుకుని, ఏ3 కాగితం మీద మూడు రంగుల్లో పాతిక ప్రింట్లు వేద్దాం. ఆ అర మిల్లీమీటరును ఏం చేయాలన్నది అడుగడుగునా ఎదురయ్యే ప్రశ్న.

ముందు ఒక అపోహ తొలగించుకోవాలి. అమెరికన్ పాప్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ అనగానే సూప్ డబ్బాలు, సూప్ డబ్బాలనగానే స్క్రీన్ ప్రింటింగ్ (ఫ్రేముకు బిగించిన సన్నటి జాలిలోంచి సిరాను కాగితం మీదికి దింపే పద్ధతి) గుర్తుకొస్తాయి. కానీ 1962 జూలైలో లాస్ ఏంజెలిస్‌లోని ఫెరస్ గ్యాలరీలో ఆయన ప్రదర్శించిన 32 క్యాంప్‌బెల్ సూప్ డబ్బాలు చేత్తో వేసినవే. ఒక్కో రుచికి ఒక్కో కాన్వాసు. డబ్బా కింది అంచున వరుసగా కనిపించే చిన్న పువ్వు గుర్తును మాత్రం ముద్రలా అద్దారు. యంత్రంలా కనిపించాలని చేత్తో అంత శ్రమ పడ్డాక, ఆ ఏడాదే ఆయన స్క్రీన్‌కు మారారు. 1964లో న్యూయార్క్ స్టేబుల్ గ్యాలరీలో పెట్టిన బ్రిల్లో (గిన్నెలు తోమే పీచు బ్రాండు) పెట్టెలు ప్లైవుడ్‌తో చేయించి, రంగులు పూసి, పైన స్క్రీన్ ప్రింటు వేసినవి. సూప్ డబ్బాలను స్క్రీన్ ప్రింట్లుగా కాగితం మీద వేసిన సంపుటాలు 1968, 1969లో వచ్చాయి.

ఈ చరిత్ర ఇక్కడ ఎందుకంటే, స్క్రీన్ ప్రింటింగ్ అప్పటికే దుకాణాల బోర్డులకూ ప్యాకింగ్ పెట్టెలకూ వాడే పని. వస్తువును ఏ పద్ధతిలో ముస్తాబు చేస్తారో అదే పద్ధతిలో దాని బొమ్మ కూడా వేయడం అందులోని చమత్కారం. మన దగ్గరా ఇది కొత్త పనేమీ కాదు. పెళ్లి శుభలేఖలు, విజిటింగ్ కార్డులు వేసే స్క్రీన్ ప్రింటింగ్ దుకాణాలు మన ఊళ్లలో ఏళ్ల తరబడి ఉన్నాయి. సామాను ఎక్కడ దొరుకుతుందో ఆ దుకాణంలో అడిగితే చాలు, సగం సమస్య తీరుతుంది.

వస్తువును ఎంచుకోవడం

నా లెక్కలో ఈ పనిలో సగం ఇక్కడే ఉంది. చాలామంది అందమైన వస్తువును వెతుకుతారు: పాతకాలపు సీసా, ఇత్తడి చెంబు, ఎవరో బహుమతిగా ఇచ్చిన టీ డబ్బా. అవన్నీ వద్దు. అవి ముందే గౌరవం పొందిన వస్తువులు. వాటి బొమ్మ వేస్తే ఇంకో అందమైన బొమ్మ వస్తుంది, అంతే. వారానికోసారి కొని, వాడి, చెత్తబుట్టలో వేసేదాన్ని తీసుకోండి. అగరొత్తుల పెట్టె, సబ్బు కాగితం, పాల ప్యాకెట్, బిస్కెట్ పొట్లం, బట్టల నీలం సీసా.

రెండో పరీక్ష: నాలుగడుగుల దూరం నుంచి చూసి, అక్షరాలు చదవకుండానే అదేమిటో చెప్పగలరా? చెప్పగలిగితే దాని ఆకారం, రంగులు ప్రింటుకు చాలినంత బలంగా ఉన్నట్టే. మూడో పరీక్ష: అసలు ప్యాకెట్ మీద ఎన్ని రంగులున్నాయి? మూడు, నాలుగు ఉంటే మంచిది. మెరిసే ప్లాస్టిక్ పొట్లం మీద నోరూరించే చిప్స్ ఫోటో ఉంటే మొదటి ప్రయత్నానికి వదిలేయండి.

అగ్గిపెట్టె ఈ మూడింటిలోనూ నెగ్గుతుంది. శివకాశి, కోవిల్‌పట్టి ప్రాంతాల నుంచి వచ్చే పెట్టెల మీద లేబుల్ చదునుగా, రెండు మూడు రంగుల్లో, లావు గీతలతో ఉంటుంది. నేను తీసుకున్న పెట్టె మీద ఎర్రటి నేపథ్యం, మధ్యలో పసుపు సూర్యుడు, నల్ల అక్షరాలు ఉన్నాయి.

పెట్టెను కొత్తగా కొని తేవద్దు. వాడినది తీసుకోండి. పక్కన గీసిన గరుకు పట్టీ మీది చారలు, నలిగిన మూల, తడి చేత్తో పట్టుకున్న మరక, ఇవన్నీ నల్ల రంగు పొరలో బతుకుతాయి. లాస్ ఏంజెలిస్‌లోనే కళాశాలలో పాఠాలు చెప్పిన క్రైస్తవ సన్యాసిని కొరీటా కెంట్ ప్రకటనల కాగితాలను నలిపి, మడిచి, ఆ వంపు తిరిగిన అక్షరాలనే ప్రింట్లలోకి తెచ్చారు. వండర్ బ్రెడ్ ప్యాకెట్ మీది చుక్కలను ఆమె 1962లోనే వాడుకున్నారు. పొట్లం లాంటి వస్తువు మీ దగ్గరుంటే ఓసారి నలిపి చూడండి.

ఫోటో

గది లైట్లు ఆర్పి, ఒకే టార్చిని పక్క నుంచి వేయండి. నీడ గట్టిగా పడాలి. మెత్తని వెలుగులో తీసిన ఫోటో చూడటానికి బాగుంటుంది కానీ, నలుపు తెలుపుగా మార్చినప్పుడు బూడిద ముద్దవుతుంది. ఫోను దగ్గరగా పెడితే పెట్టె ముందు భాగం ఉబ్బినట్టు వస్తుంది. కాబట్టి నాలుగైదు అడుగులు వెనక్కి జరిగి, జూమ్ చేసి తీయండి. నిటారుగా ముందు నుంచి ఒకటి, కొంచెం తెరిచి పుల్లలు కనిపించేలా ఒకటి తీసి పెట్టుకోండి. నేను రెండోది తీసుకున్నాను. తెరిచిన అర లోపలి చీకటి నల్ల పొరకు మంచి బరువునిస్తుంది.

రంగులు విడదీయడం

స్క్రీన్ ఒకసారికి ఒకే రంగు వేస్తుంది. అందుకే బొమ్మను రంగుకొక పొరగా విడదీయాలి. మన పెట్టెకు మూడు: పసుపు, ఎరుపు, నలుపు. గింప్ అనే ఉచిత ప్రోగ్రామ్ సరిపోతుంది. ఫైలును అచ్చయ్యే సైజులోనే, అంగుళానికి 300 చుక్కల చొప్పున తెరవండి.

పసుపు, ఎరుపు పొరలు గీసినవే కావాలి, ఫోటోలు కాకూడదు. ఫోటో మీద కొత్త పొర పెట్టి, చదునైన ఆకారాలను నల్ల రంగుతో నింపండి. తర్వాత పారదర్శక ఫిల్ము మీద అచ్చు తీసేటప్పుడు ఏ రంగు పొరైనా నలుపే, అసలు రంగు సిరాలో వస్తుంది. వీటి అంచులు నలుపు కిందికి ఒక మిల్లీమీటరు చొచ్చుకుపోయేలా గీయాలి. లేదంటే కాగితం కాస్త జరిగినా తెల్ల చీలిక వస్తుంది.

ఆ తెల్ల చీలిక కోసమే కదా భూతద్దం పట్టుకున్నాం! అయిదు సెంటీమీటర్ల లేబుల్‌ను 35 సెంటీమీటర్లకు పెంచితే బొమ్మ ఏడు రెట్లవుతుంది. అసలు పెట్టె మీది అర మిల్లీమీటరు జరుగుబాటు కూడా దానితోపాటు మూడున్నర మిల్లీమీటర్లవుతుంది. అది ఇప్పుడు కంటికి తెలిసే నిర్ణయం. ఎర్ర పొర మొత్తాన్ని ఫైలులోనే మూడున్నర మిల్లీమీటర్లు కుడికి జరపండి. పసుపు, నలుపు మాత్రం ఒకదానిమీద ఒకటి కచ్చితంగా కూర్చోవాలి. మూడూ జరిగితే చూసేవాళ్లు ప్రింటరు చేతకానివాడనుకుంటారు. ఒక్క ఎరుపే, పాతిక ప్రింట్లలోనూ ఒకే వైపు, ఒకే కొలతలో జరిగితే అది పెట్టె లక్షణమవుతుంది.

నల్ల పొరకు ఫోటో కావాలి, ఫోటోకు చుక్కలు కావాలి. స్క్రీన్ బూడిద రంగు వేయలేదు. నల్ల చుక్కలను చిన్నవీ పెద్దవీ చేసి బూడిద ఉన్నట్టు భ్రమ కల్పించాలి. దీన్నే హాఫ్‌టోన్ అంటారు. గింప్‌లో న్యూస్‌ప్రింట్ ఫిల్టర్ ఈ పని చేస్తుంది. మామూలు సలహా అంగుళానికి 45 వరుసల చుక్కలు. ఈ పనికి నేను 25 పెడతాను. అప్పుడు చుక్కకూ చుక్కకూ మధ్య దాదాపు ఒక మిల్లీమీటరు ఉంటుంది, చేయి చాపినంత దూరంలోనూ కనబడుతుంది. కోణం 22.5 డిగ్రీలు పెట్టండి. సున్నా పెడితే చుక్కల వరుసలు, మెష్ (స్క్రీన్ జాలి) పోగులు ఒకదానితో ఒకటి తగువు పడి అనవసరమైన అలల గీతలు వస్తాయి.

మూడు పొరలకూ నాలుగు మూలల్లో ఒకే చోట ప్లస్ గుర్తులు పెట్టి, పారదర్శక ఫిల్ము మీద లేజర్ ప్రింటు తీయించండి. ఫిల్మును ట్యూబులైటుకు అడ్డంగా పెట్టి చూసినప్పుడు నలుపులోంచి వెలుగు వస్తుంటే రెండు కాపీలు తీయించి ఒకదానిమీద ఒకటి అంటించాలి.

సామాను

ఫ్రేము లోపలి కొలత బొమ్మకన్నా అన్ని వైపులా కనీసం పది సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. ఏ3కి 50, 62 సెంటీమీటర్లు సరిపోతుంది. మెష్ సెంటీమీటరుకు 90 పోగులది అడగండి. బట్ట మీద వేసేవాళ్లు వాడే 43 పోగులది కాగితం మీద సిరాను ఎక్కువ దింపుతుంది. వేలితో తడితే డప్పులా మోగేంత బిగుతుగా బిగించమని చెప్పండి. స్క్వీజీ (సిరాను లాగే, రబ్బరు అంచున్న పట్టీ) పొడవు బొమ్మ వెడల్పుకన్నా రెండు వైపులా రెండేసి సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి.

మెష్ మీద పూసే, వెలుగుకు గట్టిపడే పూత ఎమల్షన్. దాని విషయంలో ఒక హెచ్చరిక. డైక్రోమేట్ కలుపుకునే రకం చవకగా దొరుకుతుంది. అందులో ఉండేది క్యాన్సర్ కారకమైన క్రోమియం. ఇంట్లో, పిల్లలు తిరిగే చోట దాని జోలికి వెళ్లవద్దు. డయాజో రకం గానీ, కలుపుకునే పనిలేని ఫోటోపాలిమర్ రకం గానీ తీసుకోండి. సిరాకు నీటి ఆధారిత అక్రిలిక్ రంగు, అంతే పరిమాణంలో స్క్రీన్ ప్రింటింగ్ మీడియం కలపండి. పాతిక ప్రింట్లకు రంగుకు 200 మిల్లీలీటర్లు చాలు. కాగితం మందం 250 జీఎస్ఎంకు (చదరపు మీటరుకు గ్రాములు) తగ్గితే నీటి సిరాకు అప్పడంలా వంగిపోతుంది. ముప్పై అయిదు కాగితాలు కొనండి, పది పాడవుతాయి.

స్క్రీన్ తయారీ

మెష్‌ను గిన్నెలు తోమే ద్రవంతో రుద్ది, కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. వేలి జిడ్డు ఉన్న చోట ఎమల్షన్ పట్టదు. గదిలో మామూలు లైట్లు ఆర్పి, పసుపు రంగు బల్బు ఒకటి వేసుకుని, రెండు వైపులా ఒక్కో పలచటి పూత పూయండి. తర్వాత ఫ్రేమును పడుకోబెట్టి, కాగితాన్ని తాకే వైపు కిందికి ఉండేలా, చీకట్లో ఫ్యాను కింద ఆరబెట్టాలి. వానాకాలంలో, అందులోనూ సముద్రతీరపు ఊళ్లలో, దీనికి రాత్రంతా పట్టవచ్చు. చేతికి ఆరినట్టు తగిలినా లోపల తడి ఉంటే కడిగేటప్పుడు మొత్తం ఊడి వస్తుంది.

ఇక వెలుగు చూపించడం. వెలుగు తగిలిన చోట ఎమల్షన్ గట్టిపడుతుంది. ఫిల్ములోని నలుపు కాపాడిన చోట మెత్తగా ఉండి నీటికి కరిగిపోతుంది. ఆ తెరుచుకున్న చోటి నుంచే సిరా దిగుతుంది.

నా మొదటి స్క్రీన్‌ను మే నెల మధ్యాహ్నం డాబా మీద ఎండలో పెట్టాను. అయిదు నిమిషాలు పెట్టి చాలా ఓపికగా ఉన్నాననుకున్నాను. కడిగితే ఒక్క చుక్క తెరుచుకోలేదు. నీళ్ల ట్యాంకు ఖాళీ అయింది, బొమ్మ రాలేదు. అంత ఎండకు ఆ సమయం ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే ముందు పరీక్ష చేయాలి. ఫిల్మును స్క్రీన్ మీద పెట్టి, అట్టతో కప్పి, అట్టను కొంచెం కొంచెంగా జరుపుతూ పట్టీలు పట్టీలుగా వెలుగు చూపండి. ఎండలో అయితే పట్టీకి 10 సెకన్లు, యూవీ దీపం కింద అయితే పట్టీకి ఒక నిమిషం. కడిగాక చిన్న చుక్కలు కూడా తెరుచుకుని, మిగతా పూత జిగటగా లేకుండా నిలిచిన పట్టీ ఏదో చూసి, ఆ సమయాన్ని ఫ్రేము కర్ర మీదే రాసుకోండి. ఈ పరీక్ష ఎక్కడ పని చేస్తారో అక్కడే చేయాలి, ఇంకొకరి అంకె మీకు పనికిరాదు.

ఫిల్ము ఎటు పెట్టాలన్నది అందరూ ఒకసారైనా తప్పే చోటు. ఎండలో చేసేటప్పుడు ఫ్రేము బోలు భాగం కింద, మెష్ పైన ఉండాలి. బోలులో నల్ల గుడ్డ చుట్టిన స్పాంజి దిమ్మె పెట్టండి. దాని మీద మెష్, మెష్ మీద ఫిల్ము, దాని మీద బరువైన అద్దం. ఫిల్మును బోర్లించి, టోనర్ ఉన్న ముఖం ఎమల్షన్‌కు అంటుకునేలా పెడితే పై నుంచి అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. అలా కనిపిస్తేనే సరైనది.

తర్వాత చల్లటి నీటిలో రెండు నిమిషాలు నాననిచ్చి, మెల్లని ధారతో కడగండి. ఆరాక వెలుగుకు పెట్టి చూసి, సూది మొనంత రంధ్రాలుంటే టేపుతో మూయండి. బొమ్మ చుట్టూ ఫ్రేము అంచుల దాకా ప్యాకింగ్ టేపు వేస్తే సిరా మూలల్లోకి కారదు.

కాగితాన్ని కూర్చోబెట్టడం

ఫ్రేమును రెండు కీలు బిగింపులతో బల్లకు బిగించండి. మెష్‌కూ కాగితానికీ మధ్య మూడు మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. ఫ్రేము కింద అట్ట ముక్కలు పెడితే వస్తుంది. స్క్వీజీ దాటిపోగానే మెష్ కాగితం నుంచి టప్‌మని లేవాలి. లేవకపోతే అంచులు పులుముకుంటాయి.

పసుపు వేయడానికి కాగితం బల్ల మీద పెట్టి, దాని పొడవైన అంచుకు రెండు, పొట్టి అంచుకు ఒకటి చొప్పున సన్నటి అట్ట ముక్కలు అంటించండి. ప్రతి కాగితం ఈ మూడింటినీ తాకాలి. మూడు చాలు, నాలుగోది పెడితే కాగితం ఉబ్బుతుంది. ప్రతి కాగితాన్నీ ప్రతి రంగుకూ అదే మూల, అదే అంచు ఆనేలా పెట్టాలి, కాబట్టి వెనుక పెన్సిల్‌తో బాణం గుర్తు వేసుకోండి.

రంగు మారినప్పుడల్లా స్క్రీన్ మారుతుంది కాబట్టి చోటు మళ్లీ వెతకాలి. దీనికో పాత చిట్కా ఉంది, నలుపుతో చెబుతాను. పారదర్శక షీటును ఒక అంచున బల్లకు టేపుతో అతికించి, దాని మీద నల్ల స్క్రీన్‌తో ఒక ప్రింటు వేయండి. షీటు కిందికి పసుపు పడిన కాగితాన్ని దూర్చి, నల్ల గీతల కింద పసుపు సూర్యుడు సరిగ్గా కూర్చునే దాకా జరపండి. కూర్చోగానే కాగితం కదలకుండా పట్టుకుని, షీటు పక్కకు తిప్పేసి, అంచులకు కొత్తగా మూడు అట్ట ముక్కలు అంటించండి. ఎరుపుకూ ఇదే పద్ధతి, కాకపోతే మూలల్లోని ప్లస్ గుర్తులను చూసి కూర్చోబెట్టాలి. జరుపుడు ఫైలులో ముందే చేశాం కాబట్టి బల్ల దగ్గర ఇంకోసారి జరపవద్దు. గుర్తులు పని అయ్యాక కనిపించకూడదనుకుంటే, షీటు మీద వేశాక స్క్రీన్‌లో వాటిని టేపుతో మూసేయండి.

ప్రింటు వేయడం

వరుస: పసుపు, ఎరుపు, నలుపు. లేతది ముందు, ముదురుది చివర.

ఫ్రేమును కొంచెం ఎత్తి పట్టుకుని, సిరాను స్క్వీజీతో బరువు వేయకుండా బొమ్మంతా పరవండి. ఇది తెరుచుకున్న కన్నాలను నింపడానికి. ఇప్పుడు ఫ్రేమును దించి, స్క్వీజీని 70 డిగ్రీల వాలులో పట్టుకుని, రెండు చేతులతో సమంగా నొక్కుతూ ఒకే ఊపులో మీ వైపు లాగండి. మధ్యలో ఆగితే అక్కడ చార పడుతుంది. ఫ్రేము ఎత్తి, కాగితం తీసే ముందే మళ్లీ సిరా పరవండి. మన వేసవిలో నీటి సిరా రెండు నిమిషాల్లో మెష్‌లో ఎండిపోతుంది. ఫోను మోగినా తీయవద్దు. ఫ్యాను కూడా ఆర్పేయాలి, చెమట తప్పదు. సిరాలో కాస్త రిటార్డర్ (ఎండటాన్ని ఆలస్యం చేసే ద్రవం) కలిపితే ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది.

మొదటి నాలుగైదు ప్రింట్లు పాత వార్తాపత్రికల మీద వేయండి. చేతి బరువు కుదిరాక మంచి కాగితం పెట్టాలి. ఒక రంగు పూర్తిగా ఆరాకే ఇంకోటి. తాడు కట్టి బట్టల క్లిప్పులతో ఆరేస్తే పాతిక కాగితాలు ఒక గదిలో పడతాయి.

నలుపు పడుతున్నప్పుడు చూడాలి. అంతవరకు బల్ల మీద ఎర్ర దీర్ఘచతురస్రం, పసుపు గుండ్రం తప్ప ఏమీ ఉండవు, చిన్నపిల్లలు అతికించిన రంగు కాగితాల్లా ఉంటాయి. స్క్వీజీ దాటిపోయి మెష్ లేవగానే అగ్గిపుల్లల తలలు, నలిగిన మూల, గరుకు పట్టీ మీది చారలు ఒక్కసారిగా వచ్చి కూర్చుంటాయి.

పాతిక ఎందుకు

ఒకటి చాలదా అని ఇంట్లో అడుగుతారు. చాలదు. సిరా పదో ప్రింటుకు పలచబడుతుంది, పదిహేనో ప్రింటుకు కొన్ని చుక్కలు మూసుకుపోతాయి, తుడిచాక పదహారోది మళ్లీ నల్లగా వస్తుంది. ఒకే పెట్టె, పాతిక రకాలు. విట్నీ మ్యూజియంలో ఉన్న వార్హోల్ 1962 నాటి ఆకుపచ్చ కోకా కోలా సీసాల చిత్రంలో 112 సీసాలు వరుసల్లో నిలబడి ఉంటాయి. దగ్గరికి వెళ్తే ఏ రెండూ ఒకటి కావు. కాబట్టి మసకబారిన వాటిని చించేయకండి. కాగితం మడత పడినవి, వేలిముద్ర పడినవి మాత్రం తీసేయండి.

పది ప్రింట్లు అసలు రంగుల్లో వేశాక, మిగిలినవాటికి రంగులు మార్చి చూడండి. ఎరుపు స్థానంలో గులాబీ, పసుపు స్థానంలో నీలం. నాలుగు రంగులకు మించితే పండుగ తోరణంలా తయారవుతుంది, పెట్టె కనిపించకుండా పోతుంది.

అమ్మాలనుకుంటే

క్యాంప్‌బెల్ కంపెనీ మార్కెటింగ్ మేనేజరు 1964లో వార్హోల్‌కు మెచ్చుకుంటూ ఉత్తరం రాసి, రెండు పెట్టెల టమాటా సూప్ పంపారు. ప్రతి కంపెనీ అలా ఉంటుందనుకోవద్దు. ప్యాకెట్ మీది బొమ్మకు కాపీరైటు, పేరుకు ట్రేడ్‌మార్కు ఉండవచ్చు. పైగా ఆ బొమ్మ వెనుకా ఒక చిత్రకారుడు ఉంటాడు. బ్రిల్లో పెట్టెను డిజైన్ చేసిన జేమ్స్ హార్వీ స్వయంగా నైరూప్య చిత్రకారుడు, పొట్టకూటికి ప్యాకేజీలు గీసేవాడు. ఇంటి గోడకు వేసుకోవడం వేరు, టీషర్టుల మీద వేసి అమ్మడం వేరు. అమ్మే ఆలోచన ఉంటే న్యాయవాదిని అడగండి, లేదా లేబుల్‌లోని పేరు, గుర్తు మార్చి మీ సొంత అగ్గిపెట్టెను గీయండి. నేను అక్షరాల స్థానంలో మా వీధి పేరు రాశాను.

స్క్రీన్‌ను చివరి ప్రింటు పడిన వెంటనే చల్లటి నీటితో కడగండి. టీ తాగి వచ్చేసరికి సిరా ఎండితే ఆ మెష్ ఇక పోయినట్టే. ప్రింట్లు ఆరాక కింది తెల్ల అంచున, ఎడమవైపు పెన్సిల్‌తో 1/25, 2/25 అని వరుస సంఖ్యలు, కుడివైపు సంతకం. పెన్నుతో రాయకండి.

ఫ్రేము కట్టించే ముందు ఒక మాట. ఫెరస్ గ్యాలరీలో సూప్ డబ్బాలను కిరాణా కొట్లో సరుకుల్లా గోడ వెంట సన్నటి అలమర మీద నిలబెట్టారు. వడ్రంగి చేత మూడంగుళాల వెడల్పు చెక్క పట్టీ ఒకటి కొట్టించి, ఆరేడు ప్రింట్లను అట్టకు అతికించి పక్కపక్కన ఆనించండి. వరుస చివర అసలు అగ్గిపెట్టెను పెట్టండి. మా ఇంట్లో పెట్టాను కానీ రెండో రోజుకే పొయ్యి వెలిగించడానికి ఎవరో పట్టుకెళ్లారు.